నెగెటివుల పెట్టె

పోయిన ఏడు వానాకాలంలో ఒక సాయంత్రం మా ఇంటికి ఒకావిడ వచ్చింది. ఆవిడ నా దగ్గర చదువుకున్న పిల్లే. ఇప్పుడు మా డోంగ్లి పక్కన ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా పని చేస్తున్నది. వరండాలో కూర్చుని మంచినీళ్ళు తాగి, పంటల సంగతీ, మంజీరకు నీళ్ళు వచ్చిన సంగతీ కాసేపు చెప్పి, చివరకు అసలు మాట బయటపెట్టింది.

"సార్, మా బాపు ఫోటో ఇంట్ల ఒక్కటి గూడ లేదు. మీరు బడిల చెట్లు పెట్టించినప్పుడు ఫోటోలు తీసిన్రు గదా! మా బాపు గుంతలు తవ్వనీకి అచ్చిండు. అండ్ల ఎక్కడన్న ఉంటడా సార్?"

ఆమె ఏడో తరగతిలో ఉండగా తండ్రి చనిపోయాడు. ఆ రోజుల్లో కూలి పని చేసుకునే మనిషికి ఫోటో దిగే అవసరం ఏముంటుంది? ఇప్పటిలాగా ప్రతి కాగితం మీదా ఫోటో అడిగేవారు కారు. ఆయన ముఖం ఆయన్ను చూసినవాళ్ళ మనసుల్లో ఉండిపోయింది. ఆమె పిల్లలకు అదీ లేదు.

చెట్లు నాటిన సంగతి నాకు బాగా గుర్తు. అది 1986 జూలై. ఆ రోజు తీసిన ఫోటో ఒకటి నా ఆల్బంలో ఉన్నది. తెచ్చి చూపించాను. పోస్టుకార్డంత బొమ్మ. నడుమ ఒక వేపమొక్క, దాని చుట్టూ పిల్లలు. ఎడమ అంచున ఒక మోచెయ్యి, ఒక గడ్డపార కొన. అంతే! మనిషి లేడు.

ఆమె ఆ మోచేతిని చాలాసేపు చూసింది. "ఇది మా బాపుదే అనుకుంట సార్" అన్నది.

అప్పుడు నాకొక సంగతి తట్టింది. నా కెమెరా ఆగ్ఫా కంపెనీ వారి క్లిక్-3. నేను ఎవరి దగ్గరో పాతది కొన్నాను. అది 120 రకం వెడల్పాటి ఫిలిం మీద 12 బొమ్మలు తీస్తుంది. ఒక్కొక్కటి సరిగ్గా చదరం. మరి పోస్టుకార్డు కాగితం చదరం కాదు కదా! ఆ ఫోటోను సరిహద్దు అవతల దెగ్లూరులో ఒక స్టూడియోలో అచ్చు వేయించాను. చదరపు బొమ్మను నిలువు కాగితం మీద నిండుగా వేయాలంటే రెండు పక్కలా కొంత కోసివేయక తప్పదు. ఆ కోతలో పోయిన మనిషి నెగెటివులో మాత్రం నిలబడే ఉండాలి.

"నెగెటివు నా దగ్గరే ఉన్నది బిడ్డా. వెతుకుతాను" అన్నాను. ఆమె కళ్ళలో వెలుగు వచ్చింది. ఆ మాట అనే ముందు పెట్టె తెరిచి చూసుకుని ఉంటే బాగుండేది.

*

నా నెగెటివులన్నీ ఒక ఇనప్పెట్టెలో ఉన్నాయి. దాన్ని మూత తీసి ఎన్నేళ్ళయిందో! మూత తీయగానే పచ్చడి జాడీ తెరిచినట్టు పుల్లటి వాసన గుప్పుమన్నది. పిల్లలూ, మీ ఇంట్లో పాత ఫిలిం ఉంటే ముందు వాసన చూడండి. చాలా ఫిలిములు సెల్యులోజ్ ఎసిటేట్ అనే పదార్థంతో చేసినవి. వేడికీ తేమకూ అది మెల్లగా విరిగిపోయి ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. సిరకాలో ఉండే ఆమ్లం అదే. ఒక చుట్టకు ఆ జబ్బు పట్టుకుంటే దాని ఆవిరి పక్కనున్న చుట్టలకు కూడా చెరుపు చేస్తుంది. అందుచేత వాసన వేసే ముక్కలను వెంటనే వేరే పెట్టాలి.

వాసన వేసిన మూడు చుట్టలను బయటపెట్టాను. మిగతావాటిలో 1986 కవరు దొరికింది. అందులో వేపమొక్క బొమ్మలు రెండున్నాయి. ఒకటి ఆల్బంలో ఉన్నదానిది. రెండోది నేను అచ్చు వేయించనిది. కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తే రెండింటిలోనూ ఎడమ పక్కన ఒక మనిషి రుమాలు చుట్టుకుని నిలబడి ఉన్నాడు. మొదటిదానిలో ఆయన పక్కకు తిరిగి మొక్కను చూస్తున్నాడు. రెండోదానిలో తిన్నగా నా వంక చూస్తున్నాడు. రెండోదే కదా మనకు కావలసింది! కాని దాని మీద సన్నటి సాలెగూడులాగా బూజు పట్టి ఉన్నది.

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవాలి. ఫిలింను కడిగేటప్పుడు నీళ్ళలోనే కడుగుతారని నాకు తెలుసు. నీళ్ళ వల్ల దానికి హాని ఉండదనుకున్నాను. మెత్తటి గుడ్డ తడిపి బూజును తుడిచాను. బూజు వచ్చేసింది. దానితో పాటు ఆయన ముఖం కూడా వచ్చేసింది. గుడ్డ మీద బూడిద రంగు జిగురు, ఫిలిం మీద గాజులాంటి ఖాళీ!

కారణం తరువాత తెలుసుకున్నాను. ఫిలిం మీద బొమ్మను పట్టి ఉంచేది జెలటిన్ అనే పూత. జంతువుల ఎముకల నుంచీ తోళ్ళ నుంచీ చేసే జిగురు అది. మామూలుగా నీళ్ళలో వేస్తే ఉబ్బుతుందే గాని కరగదు. కాని బూజుకు జెలటిన్ మంచి ఆహారం. బూజు తిన్న చోట జెలటిన్ నీళ్ళకు కరిగిపోయే స్థితికి వస్తుంది. బూజు పట్టిన ఫిలింను నీళ్ళతో ముట్టుకోకూడదు. దుమ్మును రబ్బరు బుడ్డి గాలితో ఊదాలి, లేదా పొడి మెత్తటి కుంచెతో తాకీ తాకనట్టు దులపాలి. బూజు మచ్చ ఉంటే ఉండనివ్వడమే మేలు. ముప్ఫై ఏళ్ళకు పైగా పిల్లలకు సైన్సు చెప్పిన నేను ఇది ముందు తెలుసుకుని, తరువాత గుడ్డ పట్టుకోవలసింది.

ఆ సంగతి ఆమెకు వెంటనే చెప్పలేకపోయాను. మిగిలిన ఒక్క నెగెటివు నుంచి ఎంత బాగా వస్తే అంత బాగా బొమ్మ తీసి ఇచ్చి, అప్పుడు చెబుదామనుకున్నాను. అలా మొదలయింది నా స్కానరు వేట.

*

నెగెటివు అంటే ఏమిటో ఇప్పటి పిల్లల్లో చాలామంది చూసి ఉండరు. ఫిలిం పూతలో వెండి లవణాలు ఉంటాయి. వెలుతురు పడిన చోట అవి, మందులో ముంచినప్పుడు, నల్లటి వెండి రేణువులుగా మారతాయి. వెలుతురు పడని చోట మిగిలిన లవణాన్ని కడిగివేస్తారు. కనక తెల్లటి ఆకాశం నల్లగానూ, నల్లటి జుట్టు తెల్లగానూ వస్తుంది. దాన్ని మళ్ళీ తిరగవేస్తే అసలు బొమ్మ. ఇంగ్లండులో ఫాక్స్ టాల్బట్ అనే ఆయన 1835లో తన ఇంటి కిటికీని ఇలా కాగితం మీద పట్టాడు. పెద్ద తపాలా బిళ్ళంత ఉండే ఆ నెగెటివు ఈనాటికీ ఉన్నది.

మన దగ్గరా ఇలాంటి నిధి ఉన్నది. హైదరాబాదు ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్ పేరు మీ పెద్దలు విని ఉంటారు. ఆయన 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టాడు. రూర్కీలో ఇంజనీరింగు చదివాడు. తరువాత సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. 1905లో చనిపోయాడు. ఆయన కాలంలో ఫోటోలు గాజు పలకల మీద తీసేవారు. ఆ పలకలు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం వారు 1989లో సేకరించారు. నూరేళ్ళ కిందటి రాజభవనాలూ, దర్బారులూ ఆ గాజు పలకల పుణ్యాన ఇప్పటికీ మనకు కనబడుతున్నాయి. అచ్చు వేసిన కాగితం ఎవరో కోసిన ముక్క కావచ్చు, వెలిసిపోయినది కావచ్చు. కెమెరాలో వెలుతురు స్వయంగా తాకినది నెగెటివునే. నిజాముకు దీన్‌దయాళ్ దొరికాడు. గుంతలు తవ్విన మనిషికి నా క్లిక్-3 దొరికింది.

*

మొట్టమొదట నేను మండల కేంద్రంలో ఒక జిరాక్సు దుకాణానికి వెళ్ళి, అక్కడి స్కానరు మీద నెగెటివు పెట్టించాను. నల్లటి చదరం ఒకటి వచ్చింది. అది దుకాణదారు తప్పు కాదు. కాగితాలకు వాడే స్కానరులో దీపం అద్దం కిందనే ఉంటుంది. వెలుతురు కాగితానికి తగిలి వెనక్కు వస్తుంది. నెగెటివును అలా చూస్తే ఏం కనబడుతుంది? దాన్ని చూడాలంటే వెలుతురు దాని గుండా రావాలి. మనం కిటికీకి ఎత్తి చూసేది అందుకే. కనక ఫిలిం స్కానరుకు ఒక పక్క దీపం, రెండో పక్క కన్ను ఉండాలి.

మా మనవరాలు ఎనిమిదో తరగతి. అది చూసి, "తాతా, ఇది ఇంట్లనే అయితది" అని ఒక ఫోను తెర తెల్లగా వెలిగించి, దాని మీద నెగెటివు పెట్టి, ఇంకో ఫోనుతో ఫోటో తీసింది. రంగులు తిరగవేసే మీట నొక్కగానే వేపమొక్కా, పిల్లలూ ప్రత్యక్షం! తెర గళ్ళు కనబడుతున్నాయంటే, తెరకూ ఫిలింకూ మధ్య అంగుళం ఎడం ఉంచి ఒక పల్చటి తెల్ల కాగితం పెట్టించాను. గళ్ళు పోయాయి. ఏ బొమ్మ ఏ కవరులో ఉన్నదో చూసుకోవడానికి ఇంతకన్నా సులువు ఉపాయం లేదు. కాని ఆయన ముఖాన్ని పెద్దది చేయబోతే పిండి పోసినట్టయింది.

అప్పుడు కొనే యంత్రాల సంగతి విచారించాను. చాలా చవకగా ఒక చిన్న పెట్టె దొరుకుతుంది. ఫిలిం ముక్క ఒక పక్క దూర్చి, మీట నొక్కితే బొమ్మ వచ్చేస్తుంది. లోపల ఉన్నది ఫోనులో ఉండేలాంటి చిన్న కెమెరా. కొందామనే అనుకున్నాను. దాని సందు కొలత అడిగేసరికి గుట్టు తెలిసింది. సాధారణంగా వాటిలో 35 మిల్లీమీటర్ల ఫిలిమే పడుతుంది. నా 120 ఫిలిం వెడల్పు 6 సెంటీమీటర్ల పైన! ఏనుగును గుర్రపుశాలలో కట్టినట్టు ఉంటుంది.

దాంతో నాకు బుద్ధి వచ్చింది. యంత్రాలు చూడడం మాని, ముందు నా పెట్టెను చూశాను. మనవరాలూ నేనూ రెండు రోజులు కూర్చుని లెక్క రాశాం. 120 రకం నలుపు తెలుపు చుట్టలు 31. వాటిలో చాలావాటి అంచున 'ఇందు' అని ఉన్నది. అది ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిలిమ్స్ వారి సరుకు. ఆ ప్రభుత్వ కర్మాగారం తరువాత మూతబడింది. ఇక 1990 తరువాతవి 35 మిల్లీమీటర్ల రంగుల చుట్టలు 44. అట్ట చట్రాల్లో బిగించిన రంగుల స్లైడులు 60. స్లైడు నెగెటివు కాదు, అసలు రంగులతోనే ఉంటుంది. ప్రొజెక్టరులో వేసి గోడ మీద పిల్లలకు చూపించేవాణ్ణి.

ఈ మూడు రకాలకూ ఒకే యంత్రం సరిపోతుందా అన్నది అసలు చిక్కు.

*

స్కానరు పెట్టెల మీద ఒక అంకె గొప్పగా రాసి ఉంటుంది. అంగుళం పొడవులో అది ఎన్ని చుక్కలను వేరువేరుగా చూడగలదు అనేది ఆ అంకె. ఒకదాని మీద 6400, ఒకదాని మీద 7200. ఎక్కువ అంకె ఉన్నది మంచిదని ఎవరైనా అనుకుంటారు. నేనూ అనుకున్నాను.

మొదట మనకు ఎన్ని చుక్కలు కావాలో చూద్దాం. భూతద్దం కింద స్కేలు పెట్టి కొలిస్తే నెగెటివులో ఆయన ముఖం పొడవు 2 మిల్లీమీటర్లు. అంగుళమంటే 25.4 మిల్లీమీటర్లు. అంగుళానికి 300 చుక్కలు చూసే యంత్రంతో ఆ ముఖం మీద పడే చుక్కలు నిలువున 24 మాత్రమే. 24 చుక్కల్లో కళ్ళూ ముక్కూ ఎలా వస్తాయి? 1500 అయితే 118 చుక్కలు. మనిషిని పోల్చవచ్చు. 3200 అయితే 252. కాని నా కెమెరాది ఒంటి గాజుబిళ్ళ కటకం. అంచుల దగ్గర అది పట్టిన బొమ్మే కాస్త మసక. లేని వివరాన్ని ఏ స్కానరూ పుట్టించలేదు. కనక నిజమైన 1500 నాకు చాలు.

'నిజమైన' అనడానికి కారణం ఉన్నది. అంగుళానికి 6400 సార్లు కన్ను తెరిచినంత మాత్రాన 6400 వివరాలు కనబడవు. చత్వారం ఉన్నవాడు ఎన్నిసార్లు చూసినా చత్వారమే. లోపలి కటకం ఎంత చురుకైనదో, ఫిలిం సరిగ్గా ఎంత ఎత్తున ఉన్నదో అనే వాటి మీద అసలు పట్టు ఆధారపడుతుంది. దాన్ని కొలవడానికి సన్నసన్నటి గీతలు గుంపులుగా అచ్చు వేసిన గాజు పలక ఉంటుంది. అమెరికా వైమానిక దళం వారు 1951లో ఏర్పరచిన నమూనా అది. ఏ గుంపు దగ్గర గీతలు కలిసిపోయి బూడిద పట్టీగా కనబడతాయో అక్కడితో ఆ యంత్రం పట్టు అయిపోయినట్టు. ఎప్సన్ కంపెనీ వి600 అనే యంత్రం పెట్టె మీద 6400 అని రాశారు. దాన్ని అలా పరీక్షించినవారు అసలు పట్టు సుమారు 1500 అని తేల్చారు. ప్లస్టెక్ కంపెనీ 8200ఐ మీద 7200 అని రాస్తే, పరీక్షలో సుమారు 3200 నిలిచింది. చూశారా, అంకెలు పక్కపక్కనే ఉన్నాయి గాని అసలు పట్టులో ఒకటి రెండోదానికి రెట్టింపు!

అయితే రెట్టింపు పట్టు ఉన్న ప్లస్టెక్ 35 మిల్లీమీటర్ల ఫిలిం మాత్రమే తీసుకుంటుంది. ఎప్సన్ చూడడానికి కాగితాల స్కానరులాగే బల్లపరుపుగా ఉంటుంది, కాని దాని మూతలో కూడా ఒక దీపం ఉన్నది. అది 120 ఫిలిం కూడా తీసుకుంటుంది. మనవరాలి చేత లెక్క కట్టించాను. 120 చదరం వాస్తవంగా ఒక్కో పక్క 56 మిల్లీమీటర్లు. 1500 పట్టుతో ఒక్కో పక్కా 3,307 చుక్కలు, మొత్తం 1 కోటి 9 లక్షలు. అచ్చులో అంగుళానికి 300 చుక్కల చొప్పున 11 అంగుళాల చదరపు బొమ్మ! అదే యంత్రంలో చిన్న 35 ఫిలిం పెడితే 30 లక్షల చుక్కలే వస్తాయి. ఫిలిం పెద్దదయితే యంత్రం కాస్త మందమైనా గడిచిపోతుంది. ఫిలిం చిన్నదయితే యంత్రం చురుకైనది కావాలి. నా క్లిక్-3ను చూసి వెనక నవ్విన స్నేహితులకు ఈ లెక్క పంపాలని ఉన్నది!

*

నిజామాబాదులో ఒక స్టూడియో వారు పాత బల్లపరుపు స్కానరు ఒకటి అమ్ముతున్నారని తెలిసి వెళ్ళాను. నా దగ్గర గీతల గాజు పలక లేదు. దానికి బదులు ఒక నెగెటివు పట్టుకుపోయాను. అందులో ఒకటో తరగతి పిల్లవాడు పలక ఎత్తి చూపిస్తున్నాడు. పలక మీద అ నుంచి అః దాకా గీసి ఉన్నది.

"దీంతో మూడు రకాలుగా తీసి చూపించండి. 1600, 3200, 6400" అన్నాను.

"అన్నిటికన్న పెద్దది 6400 సార్. అదే పెట్టి తీస్త" అన్నాడు అమ్మేవాడు.

"మూడూ తీయండి. నేను పంతుల్ని. మూడూ దిద్దుతాను" అన్నాను. అతను నవ్వుతూ తీశాడు.

1600లో 'అం' పక్కన సున్నా తెలిసింది. 3200లో వెంట్రుకవాసి మెరుగు. 6400లో ఏ మెరుగూ లేదు. కాని 1600 బొమ్మ కంప్యూటర్‌లో సుమారు 25 మెగాబైట్ల చోటు తింటే, 6400 బొమ్మ 400 తిన్నది! పొడవు నాలుగింతలు, వెడల్పు నాలుగింతలు, మొత్తం పదహారింతలు. ఎక్కువ తిన్నవాడు ఎక్కువ పని చేశాడా అంటే, లేదు. ఇంటికి తెచ్చాక నేను 2400 దగ్గర పెట్టి తీస్తున్నాను. అసలు పట్టు కన్నా కాస్త పైన ఉంటే ఏమీ జారిపోదు, చోటూ వృథా కాదు.

పాత యంత్రం కొనేటప్పుడు దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ మన కంప్యూటర్‌లో పని చేస్తుందో లేదో కూడా చూడాలి. నికాన్ కంపెనీ కూల్‌స్కాన్ అనే గొప్ప ఫిలిం స్కానర్లు చేసేది. తరువాత మానేసింది. ఇప్పుడవి పాతవి దొరికినా, వాటిలో కొన్నిటి తీగలకు తగిన పాత కంప్యూటర్ ఒకటి వెతుక్కోవలసి వస్తుంది. ధరలు నేను చెప్పను. ఈ పుస్తకం మీ చేతికి వచ్చేసరికి అవి మారిపోతాయి.

అమ్మేవాడు ఇంకో గుణం కూడా చెప్పాడు. దుమ్మూ గీతలూ తానే పోగొడుతుందట. అది నిజమే గాని అన్నిటికీ కాదు. యంత్రం కంటికి కనబడని పరారుణ కిరణాలను కూడా ఫిలిం గుండా పంపుతుంది. రంగుల ఫిలింలో బొమ్మ రంగులతో ఏర్పడి ఉంటుంది. ఆ రంగులు సాధారణంగా పరారుణాన్ని ఆపవు, దుమ్ము ఆపుతుంది. కనక దుమ్ము ఎక్కడున్నదో యంత్రానికి తెలిసిపోతుంది. నలుపు తెలుపు ఫిలింలో బొమ్మ వెండి. వెండి ఆ కిరణాలను కూడా ఆపుతుంది. పాపం, యంత్రం ముఖాన్నే దుమ్మనుకుంటుంది! నలుపు తెలుపుకు ఆ మీట ఆపివేసి, దుమ్మును మనమే ఊదుకోవాలి.

స్లైడుల దగ్గర మాత్రం నా యంత్రం ఓడిపోయింది. మా మంజీర మీద నిజాంసాగర్ ఆనకట్ట ఉన్నది కదా. 1923లో మొదలుపెట్టి 1931లో ముగించారు. దాన్ని కట్టించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆ ఆనకట్ట తలుపులు తెరిచిన సాయంత్రం ఒక స్లైడు తీశాను. కిటికీకి ఎత్తి చూస్తే రాతి గోడలో నీడ మాటున రాళ్ళ వరసలు కూడా తెలుస్తాయి. స్కానరులో పెడితే నీడంతా తారు పూసినట్టు వచ్చింది. స్లైడులో చీకటి చాలా దట్టంగా ఉంటుంది. దాన్ని చీల్చుకుని వచ్చే పిసరంత వెలుతురును గుర్తించాలంటే చురుకైన కన్ను కావాలి. వాటి కోసం ఇంకో యంత్రం కొనడం దండగ అనిపించింది. హైదరాబాదులో ఉన్న నా పాత శిష్యుడి దగ్గర 35 రకం స్కానరు ఉన్నది. 60 స్లైడులూ తీసుకుని వాళ్ళింట్లో మూడు రోజులున్నాను. ఒక్కొక్కటి కొన్ని నిమిషాలు పడుతుంది, ఓపిక ఉండాలి. రాళ్ళ వరసలు వచ్చాయి.

*

ఇక వేపమొక్క నెగెటివు. అది విల్లులా వంగిపోయి ఉన్నది. స్కానరు అద్దానికి నేరుగా తగిలితే, తగిలిన చోట వానలో నూనె పడ్డట్టు రంగురంగుల వలయాలు వస్తాయి. న్యూటన్ వలయాలంటారు. అందుకే ఫిలింను ఒక చట్రంలో బిగించి అద్దానికి కాస్త ఎత్తున ఉంచుతారు. ముందు వంపు తీయాలి. శుభ్రమైన కాగితపు కవరులో పెట్టి శబ్దరత్నాకరం కింద మూడు రోజులుంచాను. ఆ నిఘంటువు నాకు ఇంకో విధంగా కూడా పనికివచ్చింది!

16 బిట్‌లు అనే అమరిక ఎంచుకున్నాను. 8 బిట్‌లంటే నలుపు నుంచి తెలుపుకు 256 మెట్లు. 16 అయితే 65,536 మెట్లు. ఆయన ముఖం నల్లన, అందులోనూ రుమాలు నీడ. అలాంటి చోట నెగెటివు దాదాపు గాజులా పల్చగా ఉంటుంది. ఆ పల్చదనంలోనే కన్నుకూ బుగ్గకూ ఉన్న తేడా దాగి ఉంటుంది. మెట్లు తక్కువయితే ఆ తేడా ఒకే మెట్టులో పడి మాసిపోతుంది.

స్కానరు దీపం నెమ్మదిగా కదిలింది. తెర మీద పై నుంచి కిందికి ఆకాశం, బడి పెంకులు, రుమాలు, ముఖం. పక్కకు తిరిగిన ముఖం, గడ్డపార పట్టిన చెయ్యి. ఇంకా కిందికి వచ్చాక, ఆయన ధోవతి అంచు పట్టుకుని నాలుగైదేళ్ళ పిల్ల! నెగెటివును చేత్తో పట్టుకుని ఎన్నిసార్లు చూసినా ఆ పిల్ల నాకు కనబడలేదు.

ఆమెను పిలిపించాను. కొడుకును వెంటపెట్టుకుని వచ్చింది. అచ్చు వేసిన బొమ్మ చేతిలో పెట్టాను. ఆమె ముందు ఆ పిల్లను చూసుకున్నది, తరువాత తండ్రిని. ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి బొమ్మను దూరంగా పట్టుకుని అన్నది:

"సార్, మా బాపు గడ్డపార ఎడమ చేత పట్టడు."

ఉలిక్కిపడి కంప్యూటర్‌లో చూశాను. నిజమే! పాత పోస్టుకార్డు ఫోటోలో మోచెయ్యి ఎడమ అంచున ఉంటే, నా బొమ్మలో ఆయన కుడి అంచున ఉన్నాడు. ఫిలింను చట్రంలో బోర్లా పెట్టాను. ఫిలింకు ఒక పక్క నున్నగా మెరుస్తుంది, పూత ఉన్న పక్క మసకగా ఉంటుంది. రెండూ తారుమారయితే బొమ్మ అద్దంలో చూసినట్టు వస్తుంది. పలక నెగెటివులో అయితే అక్షరాలు తిరగబడి వెంటనే తెలిసేది. ఇందులో అక్షరాలు లేవు. ఒక్క మీట నొక్కి సరిచేసి, మళ్ళీ అచ్చు వేశాను. గడ్డపార కుడి చేతికి వచ్చింది.

"ఇగ మా బాపే" అన్నది ఆమె. కొడుకు బొమ్మ మీదికి వంగి, "అమ్మా, నా ముక్కు గిట్లనే ఉంది" అన్నాడు.

అప్పుడు రెండో నెగెటివు తీసి ఆమె చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాను. తిన్నగా చూస్తున్న ముఖం ఉండిన చోటు వేలితో చూపించాను. ఆమె దాన్ని వెలుగుకు ఎత్తి చూసింది. రుమాలు సగం ఉన్నది, భుజాలు ఉన్నాయి.

"మీరు ముందుగాల చెప్తే నాకు నిద్ర పట్టకపోవు సార్" అని దాన్ని తిరిగి నా చేతికిచ్చింది. "దీన్ని గూడ మీ దగ్గర్నే ఉంచుర్రి. పారెయ్యకుర్రి."

రెండింటినీ వేరువేరు కాగితపు కవర్లలో పెట్టి, 1986 జూలై, వేపమొక్క, 1, 2 అని పెన్సిలుతో రాశాను. ఇనప్పెట్టెను ఇప్పుడు వంటింటి పక్కన కాక, నడిమి గదిలో ఎత్తు బల్ల మీద ఉంచాను. లోపల తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేశాను. 120 చుట్టల్లో ఇంకా 19 మిగిలి ఉన్నాయి. ఆదివారం ఆదివారం మనవరాలు వచ్చి దుమ్ము ఊదుతుంది, నేను చట్రంలో పెడతాను. మెరిసే పక్క ఏదో అదే చెబుతుంది.